ఢాకా మీద మిగ్, హకీంపేట మీద గద్దలు

ప్రశ్న: 1971 యుద్ధంలో మిగ్-21 నడిపానని పోయిన సంచికలో రాశారు. పైన ఉన్నప్పుడు భయం వేయలేదా సార్?
– డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: బయల్దేరే ముందు వేసేది బాబూ. బెల్టులు బిగించుకున్నాక అంత తీరిక ఉండదు. మేం గువాహటి నుంచి ఎగిరేవాళ్లం. ఖాసీ కొండలు దాటితే ఢాకా దాకా నీళ్లూ పొలాలే, గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు. మొదట్లో మా పని ఢాకాలోని తేజ్‌గావ్ ఎయిర్‌ఫీల్డ్ రన్‌వేని గుంతలు చేయడం. ఒక్కో విమానానికి 500 కిలోల బాంబులు రెండు. నిటారుగా దూకి, బాంబు వదిలి పైకి లాగితే రక్తమంతా కాళ్లలోకి దిగి కళ్లు మసకబారేవి. ఆ మసకలోనే లీడర్ ఎటు పోయాడో వెతుక్కోవాలి, నేను ఆయన నంబర్ టూని, అంటే ఆయన్ని అంటిపెట్టుకుని ఎగిరేవాణ్ణి మరి. కింద నుంచి తుపాకులు కాలుస్తూనే ఉండేవి. వాళ్లు గుంతలు పూడ్చేవాళ్లు, మేం మళ్లీ వెళ్లేవాళ్లం. కొద్ది రోజుల్లోనే అక్కడ పాకిస్తాన్ యుద్ధవిమానాలు సేబర్లు ఎగరడం ఆగిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం నా చూపంతా ఇంధనం ముల్లు మీదే. మిగ్‌కి కడుపు చిన్నది, ఆకలి ఎక్కువ.

డిసెంబర్ 14న ఢాకాలో తూర్పు పాకిస్తాన్ గవర్నర్ భవనం మీద రాకెట్లు వేసినవాళ్లలో నేను లేను. అందరూ అదే అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను.

ప్రశ్న: మిగ్-21ని 'ఎగిరే శవపేటిక' అనేవారు. నిజమేనా?
– గృహిణి, నిజామాబాద్

జవాబు: ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుందమ్మా. అది కష్టమైన విమానం, కాదనను. గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో నేలను తాకుతుంది. ముక్కు పైకి లేచి ఉండటంతో ముందున్న రన్‌వే సరిగ్గా కనపడదు. దిగాక తోక దగ్గర పారాచూట్ విప్పాలి. ఉన్నది ఒక్కటే ఇంజిన్. నేను హకీంపేటలో ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నప్పుడు పిల్లలు ఇస్క్రా మీద నేర్చుకునేవాళ్లు. నెమ్మదైన జెట్ అది. దాన్ని దిగి ఏకంగా మిగ్ ఎక్కాలంటే ఎవరికైనా కష్టమే. మధ్యలో మెట్టుగా హాక్ శిక్షణ విమానం 2008లో గానీ రాలేదు. ఆ తిట్లన్నీ విమానమే ఎందుకు పడాలి? 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో దానికి వీడ్కోలు చెబుతుంటే టీవీలో చూశాను. యాంకర్ అప్పుడూ అదే పేరు వాడాడు!

హకీంపేటలో నా అసలు టెన్షన్ గద్దలు. టేకాఫ్‌లో ఒక్కటి ఇంజిన్‌లోకి పోతే చాలు. అందుకే మాంసం వ్యర్థాలు ఎయిర్‌ఫీల్డ్ చుట్టుపక్కల పడేయొద్దని దుకాణాలవాళ్లను బతిమాలేవాళ్లం. ఢాకాకి వెళ్లొచ్చినవాణ్ణని చెప్పినా వినేవాళ్లు కాదు.