నొప్పి ఎక్కడ అని అడిగిన మనిషి

“మిడ్‌వైఫ్ దగ్గర కాన్పు అయితే నొప్పికి మందు ఇస్తారా, ఓర్చుకోమంటారా? కడుపుతో ఉన్నప్పుడు తిండి సంగతి కూడా వాళ్లే చూస్తారా?” అని ఒకరు అడిగారు. మిడ్‌వైఫ్ అంటే కాన్పు చేయడంలో శిక్షణ పొందిన మనిషి. నాకు ఇద్దరు పిల్లలు. మొదటి కాన్పులో మిడ్‌వైఫ్ లేదు, రెండో దానిలో ఉంది. కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం నోరు ఎక్కువే.

మొదటిసారి నన్ను వెల్లకిలా పడుకోబెట్టి పొట్టకు బిడ్డ గుండె చప్పుడు చూసే బెల్టు కట్టారు. ఎవరో ఒకరు వచ్చి, చూసి, ఒక అంకె చెప్పి వెళ్లేవారు. మూడు. ఇంకా మూడే. నాలుగు. గర్భాశయ ముఖం ఎంత తెరుచుకుందో చెప్పే సెంటీమీటర్లు అవి అని తెలుసు గానీ, ఆ అంకెను నేనేం చేసుకోవాలి? దాహమని అడిగితే తడిగుడ్డతో పెదవులు అద్దారు. ఈ పస్తు ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత చదివాను. పూర్తి మత్తులో కాన్పు అయ్యేటప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని 1946లో మెండెల్సన్ అనే డాక్టరు రాశారు. ఆ రోజుల్లో అలాంటి మత్తు మామూలే. మత్తు ఇచ్చే పద్ధతులు మారినా పస్తు మాత్రం చాలాచోట్ల మిగిలిపోయింది. ప్రమాదం తక్కువగా ఉన్నవారు నొప్పుల సమయంలో తినవచ్చు, తాగవచ్చు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. నా పెదవులకు ఆ సంగతి చేరలేదు.

రెండోసారి నొప్పంతా నడుములోనే. బిడ్డ వీపు నా వెన్ను వైపు తిరిగి ఉంది. పొట్టలో నొప్పి వచ్చి పోతుంది, ఈ నడుము నొప్పి మాత్రం పోయినట్టే పోయి అక్కడే కూర్చుంటుంది. మిడ్‌వైఫ్ లోపలికి వచ్చి చేతులు కడుక్కుని, “ఎక్కడ తల్లీ, వేలు పెట్టి చూపించు” అంది. అంతవరకూ అందరూ నొప్పి ఎంత ఉంది, ఎన్ని నిమిషాలకు ఒకసారి వస్తోంది అని అడిగినవారే. చూపించాను. రెండో ప్రశ్న, “ఆఖరిసారి ఎప్పుడు తిన్నావు?” రాత్రి అన్నాను. గ్లాసు నా నోటి దగ్గర పెట్టి, తాగుతూ ఉండమంది.

తర్వాత నన్ను మోకాళ్ల మీద ఉంచి, మంచం తలవైపు ఎత్తించి దాని మీద వాలమంది. మణికట్టుకు ఆనుకుని అరచేతిలో గట్టిగా ఉండే భాగాన్ని నేను చూపించిన చోట ఆనించి, నొప్పి లేస్తుంటే ఒళ్లంతా మోపి నొక్కింది. నొప్పి దిగుతుంటే మెల్లగా వదిలింది. చేతి బలంతో చేసే పని కాదది. నొప్పి పోలేదు, కానీ దానికి ఎదురుగా ఇంకొకటి నిలబడింది. గంటన్నర అయ్యాక మా ఆయనకు నేర్పింది. ఆయన జానెడు పైన నొక్కేవారు. “కిందికి, ఇంకా కిందికి” అని నేను అరిచిన అరుపు పక్క గదికి వినిపించిందట. చివరికి బిడ్డ తిరిగింది. అలా వాలడం వల్లే తిరిగిందని బల్లగుద్ది చెబుతాను. అటువైపు ఉన్న పిల్లలు చాలామంది వాళ్లంతట వాళ్లే తిరుగుతారని డాక్టరమ్మ నవ్వారు. నవ్వనివ్వండి.

ఇక మందు సంగతి. ఓర్చుకోమని మాత్రమే చెప్పే మిడ్‌వైఫ్ ఉంటే, ఆమెకు పని పూర్తిగా రానట్టే. చాలా దేశాల్లో నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సగం సగం కలిపిన గ్యాసును మిడ్‌వైఫే ఇస్తుంది. మాస్కు మీ చేతిలోనే ఉంటుంది. నొప్పి మొదలవుతుండగానే పీల్చాలి, ముదిరాక పీలిస్తే అది పనిచేసేలోపు నొప్పి దిగిపోతుంది. నొప్పి తగ్గించే పెథిడిన్ ఇంజెక్షన్ కాన్పుకు మరీ దగ్గరగా ఇస్తే పుట్టిన బిడ్డ మగతగా ఉండవచ్చు. ఎపిడ్యూరల్, అంటే నడుము దగ్గర వెన్నులోకి ఎక్కించే నొప్పి మందు, ఇచ్చేది మత్తు డాక్టరు. తర్వాత రక్తపోటు పడిపోకుండా కనిపెట్టుకుని ఉండేది మిడ్‌వైఫ్. ఎపిడ్యూరల్ తీసుకుంటే సరిగా కననట్టే అనే చుట్టాల మీద నాకు ఒళ్లుమంట. 1853లో విక్టోరియా మహారాణి క్లోరోఫాం పీల్చి కన్నది, ఆవిణ్ని ఎవరైనా అడిగారా?

తిండి విషయం కూడా వాళ్లు చూస్తారు. రెండోసారి నాకు నెలలు నిండేవరకు చూసింది ఈ మిడ్‌వైఫే. అందరూ “ఇద్దరికి సరిపడా తిను” అంటుంటే ఆమె ఒప్పుకోలేదు. మొదటి మూడు నెలల్లో అదనంగా దాదాపు ఏమీ అక్కర్లేదు, తర్వాతి మూడు నెలల్లో రోజుకు సుమారు 340 కేలరీలు ఎక్కువైతే చాలు అని లెక్క చెప్పింది. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాముగా మారే నాళం సరిగా మూసుకోవడానికే ఈ మాత్ర. ఆ నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది, చాలామందికి అప్పటికి కడుపుతో ఉన్నామనే తెలియదు. మరి పరీక్ష అయ్యాకే ఎందుకు చీటీ రాస్తారో నాకు అర్థం కాదు.

నా రక్తం తక్కువగా ఉండటానికి కారణం పట్టుకున్నదీ ఆవిడే. నేను ఐరన్ మాత్ర రోజూ టీతో మింగేదాన్ని. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. అప్పటికి నాలుగు నెలలుగా వేసుకుంటున్నాను, డోసు కూడా ఒకసారి పెంచారు. దేనితో మింగుతున్నావు అని అంతకుముందు ఒక్కరూ అడగలేదు.