స్క్రిప్టు ఏఐ రాస్తుంటే నా చానెల్లో నేనెక్కడ?

ప్రశ్న: మేడం, యూట్యూబ్‌లో ఖగోళ శాస్త్రం మీద చిన్న చానెల్ నడుపుతున్నాను. ఉద్యోగం చేసుకుంటూ వారానికి ఒక్క వీడియో చేసేదాన్ని. ఏడాదిగా స్క్రిప్టు, బొమ్మలు, థంబ్‌నెయిల్ అన్నీ ఏఐతో చేయించి వారానికి నాలుగు పెడుతున్నాను. మొదట్లో వ్యూస్ పెరిగాయి. ఇప్పుడు చాలామంది అర నిమిషం కూడా చూడకుండా వెళ్లిపోతున్నారు. మొన్న, మొదటి నుంచీ చూస్తున్న ఒకాయన "మునుపు మీరు మాట్లాడేవారు, ఇప్పుడు చదువుతున్నారు" అని కామెంట్ పెట్టారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఏఐ పూర్తిగా మానేయాలా? వాడుతున్నట్టు చూసేవాళ్లకు చెప్పాలా? గొంతు బాగోలేని రోజుల్లో నా గొంతునే ఏఐతో క్లోన్ చేసి, అంటే నకలు తయారుచేసి వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆయన మీకు పెద్ద మేలు చేశారు. ఏఐని మానేయనక్కర్లేదు. దాన్ని పనిలోకి ఎప్పుడు పిలుస్తున్నారో అది మార్చుకోండి చాలు. ఇప్పుడు మొదటి వాక్యమే అది రాస్తోంది, మీరు చివర్లో వచ్చి చదువుతున్నారు. అప్పటికే ఉన్న కోట్ల పేజీలు చూసి, ఏ మాట తర్వాత ఏ మాట అతుకుతుందో అంచనా కడుతూ రాయడం దాని పద్ధతి. అందుకే శని వలయాల గురించి అడిగితే అందరూ మొదలుపెట్టే చోటే మొదలుపెడుతుంది. టెలిస్కోపులో మొదటిసారి ఆ వలయాలు చూసినప్పుడు మీకేమనిపించిందో దానికి తెలియదు. మీ ప్రేక్షకులు వచ్చింది మీ ఆ అనుభూతి కోసమే.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి, ఎదురుగా పన్నెండేళ్ల పిల్ల కూర్చుందనుకుని పది నిమిషాలు చెప్పేస్తాను. తడబడినా ఆపను. ఆ రికార్డింగును ఏఐతో అక్షరాల్లోకి మార్పించి, "ఇది తిరిగి రాయకు. ఎక్కడ అర్థం కావడం లేదో చెప్పు. సరిచూసుకోవాల్సిన వాక్యాలు విడిగా చూపించు" అని అడుగుతాను. తిరిగి రాయకు అన్న మాట తప్పకుండా చెప్పాలి. లేకపోతే మన మాటలన్నీ నున్నగా చెక్కి ఇస్తుంది, అందులో మనం మిగలం.

అది చూపించిన వాక్యాలను మళ్లీ దాన్నే అడిగి సరిచూసుకోకండి. నేను చేసిన తప్పు అదే. నిరుడు ఒక వీడియోలో శనికి 146 చంద్రులని చెప్పాను. ఏఐని రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే సంఖ్య ఇచ్చింది. కానీ 2025 మార్చిలోనే మరో 128 ఉపగ్రహాలకు గుర్తింపు వచ్చి మొత్తం 274 అయ్యాయి. నేను వాడిన టూల్ నేర్చుకున్న సమాచారం అంతకు ముందుది. చూసేవాళ్లలో ఒక స్కూలు అమ్మాయి ఆ తప్పు పట్టుకుంది. వీడియో తీసేసి మళ్లీ చేశాను. ఇది పెద్ద సంస్థలకూ తప్పలేదు. 2023 ఫిబ్రవరిలో గూగుల్ తన ఏఐ చాట్‌బాట్ బార్డ్‌ను పరిచయం చేసిన ప్రకటనలోనే, సౌర కుటుంబం బయటి గ్రహాన్ని తొలిసారి ఫోటో తీసింది జేమ్స్ వెబ్ టెలిస్కోపు అని వచ్చింది. అలాంటి ఫోటోను చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపు 2004లోనే తీసింది.

బొమ్మల విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. ఖగోళం మీద వీడియోలో ఏఐ గీసిన నీహారిక వద్దు. చూసేవాళ్లు అది నిజంగా ఆకాశంలో ఉందనుకుంటారు. నాసా ఫోటోలకు సాధారణంగా కాపీరైట్ ఉండదు. యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ ఫోటోలను కూడా వాళ్ల పేరు వేసి వాడుకోవచ్చు. అసలైనవి అన్ని ఉండగా కల్పించినవి ఎందుకు?

చెప్పాలా అంటే, నిజమని భ్రమపడేలా తయారుచేసిన దృశ్యమో గొంతో ఉంటే అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ సంగతి తెలపాలని యూట్యూబ్ 2024 మార్చిలో నియమం పెట్టింది. స్క్రిప్టుకో ఐడియాలకో సాయం తీసుకుంటే ఆ అవసరం లేదు. 2025 జులైలో ఇంకో విషయం స్పష్టం చేసింది. ఒకే మూసలో గుంపగుత్తగా తయారుచేసే వీడియోలకు ఆదాయం రాదు. ఏఐ వాడటం తప్పని అనలేదు. వారానికి నాలుగు పెడుతున్న మీరు ఈ రెండోది జాగ్రత్తగా చదవండి.

గొంతు క్లోన్ చేయడం నాకిష్టం లేదు. గొంతు బాగోలేకపోతే వీడియో రెండు రోజులు ఆలస్యంగా పెట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు. తప్పదనుకుంటే మొదటి నిమిషంలోనే ఆ మాట చెప్పేయండి. మీ గొంతు శాంపిల్ అప్‌లోడ్ చేసే ముందు ఆ సర్వీసు దాన్ని దేనికి వాడుకుంటుందో చదవండి.

రెండు నెలలు మళ్లీ వారానికి ఒక్క వీడియోకి రండి. యూట్యూబ్ స్టూడియోలో, చూసేవాళ్లు ఎంతసేపు ఉంటున్నారో చూపించే ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫ్ ఎక్కడ కిందికి పడుతోందో పాతవాటితో పోల్చి చూడండి. అన్నట్టు, ఆ కామెంట్ పెట్టినాయనకు జవాబిచ్చారా? ఇవ్వకపోతే ఈరోజే రాసి, మీ పాత వీడియోల్లో ఆయనకు బాగా నచ్చింది ఏదో అడగండి. ఆ వీడియో మళ్లీ చూస్తూ, మీరు ఎక్కడ ఆగి ఆలోచించారో, ఎక్కడ సంబరపడిపోయారో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాతి రికార్డింగుకు ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని కూర్చోండి.