ఐవీఏలో ఉండగా ఇల్లు నడపడం: బ్రిటన్‌కు వచ్చిన మనవాళ్ల కోసం

"అన్నా, ఐవీఏ మొదలై ఆర్నెల్లయింది. వాయిదా కట్టేశాక చేతిలో ఏమీ మిగలట్లేదు. మిగతా ఏళ్లు ఎలా లాగాలి?" క్రెడిట్ కార్డులూ పర్సనల్ లోన్లూ మోయలేక ఐవీఏలో (అప్పులు వాయిదాల్లో తీర్చే చట్టబద్ధ ఒప్పందంలో) చేరిన మనవాళ్లు తరచూ అడిగే మాట ఇది. ఎవరు అడిగినా ముందు వాళ్ల ఖర్చుల పట్టీ చూపించమంటాను. అద్దె, కరెంటు, గ్యాసు, సరుకులు, బస్సు చార్జీలు అన్నీ ఉంటాయి. కారు టైరు ఉండదు. పిల్లల స్కూలు బూట్లు ఉండవు. వీసా ఫీజు అసలే ఉండదు. రోజూ తాగే టీ వల్ల ఐవీఏ చెడిపోవడం నేను చూడలేదు. చెడిపోయినవన్నీ ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వచ్చే ఇలాంటి ఖర్చుల దగ్గరే చెడ్డాయి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఐవీఏ అంటే ఇండివిడ్యువల్ వాలంటరీ అరేంజ్‌మెంట్, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1986 నాటి ఇన్‌సాల్వెన్సీ (దివాలా) చట్టం కింద అప్పులవాళ్లతో, అంటే మనకు అప్పిచ్చినవాళ్లతో, చేసుకునే ఒప్పందం. ఇన్‌సాల్వెన్సీ ప్రాక్టీషనర్ అనే లైసెన్సున్న నిపుణుడు దాన్ని తయారు చేసి, తర్వాత సూపర్‌వైజర్‌గా నడిపిస్తారు. ఓటేసిన అప్పులవాళ్లలో, అప్పు విలువ ప్రకారం 75 శాతం ఒప్పుకుంటే మిగతావాళ్లూ కట్టుబడాలి. మామూలుగా ఐదారేళ్లు నెలనెలా కడతారు. ఇది ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఉంది. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లకు ట్రస్ట్ డీడ్ అనే వేరే పద్ధతి.

ఇంకా సంతకం పెట్టనివాళ్లు అదృష్టవంతులు, ఎందుకంటే పట్టీ ఇప్పుడే సరిచేసుకోవచ్చు. వాయిదా ఎంతన్నది ఆ పట్టీ మీదే తేలుతుంది. ఎక్కువ కడితే మంచివాళ్లమనిపించుకుంటామని ఖర్చులు తగ్గించి రాసేవాళ్లు చాలామంది. అలా రాయకండి. గత ఏడాది బ్యాంక్ స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని, నెలనెలా రాని ఖర్చులన్నీ ఏరి, మొత్తాన్ని 12తో భాగించి ఆ అంకె పట్టీలో వేయించండి. కారుంటే ఎంఓటీ (ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష), సర్వీసింగ్, రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్. కళ్లద్దాలు, పళ్ల డాక్టరు, స్కూలు యూనిఫాం. చలికాలపు గ్యాసు బిల్లు వేసవి బిల్లుతో పోల్చేది కాదు కాబట్టి ఏడాది సగటు రాయండి. ఇక్కడి సలహా సంస్థలు ఎక్కువగా వాడే స్టాండర్డ్ ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్‌లో పొదుపుకీ ఒక గడి ఉంది. మిగులులో పదో వంతు, నెలకు 20 పౌండ్లు మించకుండా, అక్కడ చూపించుకోవచ్చు. చిన్న మొత్తమే, అయినా వదలకండి. వాషింగ్ మెషీన్ పాడైన రోజు ఆదుకునేది అదే.

వీసా సంగతి విడిగా చెప్పాలి, మన ఇళ్లలో అతి పెద్ద ఖర్చు అదే కాబట్టి. స్కిల్డ్ వర్కర్ వీసా మూడేళ్లకు పొడిగించుకుంటే ఒక్క హెల్త్ సర్‌చార్జే (ఇక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టేది) పెద్దవాళ్లకు తలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. భార్యాభర్తలు, ఒక పిల్ల అనుకుంటే మూడేళ్లకు 8,538 పౌండ్లు. అదీ ఒకేసారి కట్టాలి, దరఖాస్తు ఫీజులు దానికి అదనం. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లకు ఈ సర్‌చార్జి లేదు. మిగతావాళ్లు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్న ఫీజుల పేజీ ప్రింటు తీసి, వీసా గడువు తేదీతో సహా ప్రాక్టీషనర్ ముందు పెట్టండి. ఈ డబ్బు ఎవరు కడతారో, మీరే కట్టాల్సి వస్తే పట్టీలో ఎలా చూపిస్తారో ముందే తేల్చుకోండి. కంపెనీ కట్టి తర్వాత జీతంలో కోసుకుంటానంటే అదీ అప్పే. చాలా ఐవీఏల్లో 500 పౌండ్లు దాటిన కొత్త అప్పుకు సూపర్‌వైజర్ అనుమతి కావాలి.

ఈ 500 హద్దు రోజువారీ బతుకులో ఊహించని చోట తగులుతుంది. కారు ఇన్సూరెన్స్ నెలవాయిదాల్లో కడితే అది చాలావరకు క్రెడిట్ ఒప్పందమే. ఇప్పుడు కొని తర్వాత కట్టే స్కీములూ అంతే. కొత్త ఫోన్ కాంట్రాక్టుకు క్రెడిట్ చెక్ చేస్తారు, ఐవీఏ అందులో కనిపిస్తుంది. పాత ఫోన్‌లో సిమ్-ఓన్లీ వేసుకోవడం మేలు. ఇల్లు మారాలన్నా ఏజెంటు క్రెడిట్ చెక్ చేసి గ్యారంటర్ కావాలనవచ్చు. తప్పనిసరైతే తప్ప ఐవీఏ నడిచే రోజుల్లో ఇల్లు మారవద్దంటాను.

ఇక నెల నడిపే పద్ధతి. మీ జీతం పడే బ్యాంకుకే మీరు బాకీ ఉంటే, ఆ బ్యాంకు మీ ఖాతాలోంచి తన బాకీ లాగేసుకోవచ్చు. అందుకే బాకీ లేని మరో బ్యాంకులో బేసిక్ అకౌంట్ తెరవండి. దానికి ఓవర్‌డ్రాఫ్ట్ ఉండదు, మీకు కావలసిందీ అదే. వీలైతే రెండో ఖాతా ఒకటి పెట్టుకోండి. జీతం పడ్డ మర్నాడే అద్దె, ఐవీఏ వాయిదా, కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక కౌన్సిల్‌కు కట్టే ఇంటి పన్ను), కరెంటు డైరెక్ట్ డెబిట్లు మొదటి ఖాతాలోంచి పోవాలి. సరుకులూ చార్జీల డబ్బు రెండో ఖాతాలోకి వారానికోసారి, సోమవారం సోమవారం వెయ్యండి. నెల డబ్బంతా ఒకేచోట ఉంటే మొదటి పది రోజులూ ధారాళంగా, చివరి పది రోజులూ టెన్షన్‌గా గడుస్తాయి. వారం లెక్కలో పొరపాటు జరిగినా ఆదివారానికి తెలిసిపోతుంది.

బియ్యం బస్తా సంగతే చూడండి. ఇండియన్ స్టోర్‌లో 20 కిలోల బస్తా కొంటే రెండు నెలలొస్తుంది. కొన్న వారం లెక్క తప్పుతుంది, మిగతా వారాల్లో డబ్బు మిగిలినట్టు కనిపించి ఇంకెక్కడో ఖర్చయిపోతుంది. బస్తా ధరను ఎనిమిది వారాలకు పంచి, ప్రతి వారం ఆ వాటా పక్కన పెట్టండి. కౌన్సిల్ ట్యాక్స్ ఇంకో ఉదాహరణ. చాలాచోట్ల ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాల్లో తీసుకుంటారు. ఫిబ్రవరి, మార్చిలో డబ్బు మిగిలిందనుకుని ఖర్చుపెట్టినవాళ్లకు ఏప్రిల్‌లో దెబ్బ. పన్నెండు వాయిదాలు చేయమని కౌన్సిల్‌ను అడిగితే చేస్తారు.

ఖర్చు తగ్గుతుందని ఎవరో చెప్పారని బెనిఫిట్లకు దరఖాస్తు పెట్టకండి. మీ వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయాలు) తీసుకోకూడదన్న నిషేధం ఉంటే, ఆదాయాన్ని బట్టి ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఇచ్చే 25 శాతం తగ్గింపు మాత్రం దాని కిందకు రాదు, నిశ్చింతగా అడగండి.

ఇంటికి పంపే డబ్బు గురించి మనవాళ్లు నోరు విప్పరు. అమ్మానాన్నల మందులకు నెలనెలా పంపుతుంటే ఆ మాట పట్టీ రాసేటప్పుడే చెప్పండి, బిల్లులు చూపించండి. మొత్తం ఒప్పుకోకపోవచ్చు, కొంతైనా ఒప్పుకునే అవకాశం ఉంటుంది. చెప్పకుండా పంపితే ఏడాదికోసారి జరిగే రివ్యూలో పేస్లిప్పులూ బ్యాంక్ స్టేట్‌మెంట్లూ చూసినప్పుడు ఎలాగూ బయటపడుతుంది. స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్లూ అప్పులే. వాటిని దాచి, మొహమాటానికి ముందు వాళ్లకే తీర్చేస్తే మిగతా అప్పులవాళ్లకు అన్యాయం చేసినట్టు అవుతుంది. చీటీ వేస్తుంటే అదీ చెప్పాలి. ఊళ్లో స్థలం, బంగారం, రేపు రాబోయే వాటా, ఇవన్నీ మీ ఆస్తి కిందే లెక్క. దేశం దాటితే కనిపించవనుకోవడం చాలా ప్రమాదం.

ఓవర్‌టైమ్ చేస్తే అంతా పోతుందని కొందరు మానేస్తారు. అంతా పోదు. ఐవీఏ ప్రోటోకాల్ అనే ప్రామాణిక నిబంధనల ప్రకారం నడిచే ఒప్పందాల్లో మామూలు చేతి జీతం మీద 10 శాతం దాకా అదనపు సంపాదన మీదే, ఆ పైన వచ్చినదాంట్లో సగం కట్టాలి. చేతికి 2,000 వచ్చేవాళ్లకు ఒక నెల ఓవర్‌టైమ్ 500 వచ్చిందనుకోండి. 200 మీవి, మిగతా 300లో 150 కట్టాలి, 350 మీ దగ్గరే ఉంటాయి. రెండు వారాల్లోపు సూపర్‌వైజర్‌కు తెలపాలి. మీ కాగితాల్లో ఈ నిబంధన ఎలా ఉందో ఒకసారి చదువుకోండి.

ఉద్యోగం పోయినా, పిల్ల పుట్టినా, అద్దె పెరిగినా వాయిదా తప్పకముందే ఫోన్ చేయండి. దయచేసి సిగ్గుపడకండి. వాయిదా తగ్గించడానికీ కొన్ని నెలలు ఆపడానికీ దారులున్నాయి, అవి ముందుగా అడిగినవాళ్లకే సులువు. మూడు నెలల బకాయి పడితే ఒప్పందం రద్దయ్యే స్థితి వస్తుంది. రద్దయితే పాత అప్పులవాళ్లు మళ్లీ వెంటపడవచ్చు, మీరు కట్టినదాంట్లో కొంత అప్పటికే ఫీజుల కింద పోయి ఉంటుంది. సూపర్‌వైజర్ మాట అర్థం కాకపోతే స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్, సిటిజన్స్ అడ్వైస్ లాంటి సలహా సంస్థలు ఉచితంగా వివరిస్తాయి. ఇంకా ఐవీఏలో చేరనివాళ్లు కూడా, సోషల్ మీడియా ప్రకటన నొక్కేముందు వీళ్లతోనే మాట్లాడండి. మీ పరిస్థితికి ఐవీఏ కన్నా మామూలు డెట్ మేనేజ్‌మెంట్ ప్లానే నయం కావచ్చు.

చివరి వాయిదా కట్టాక కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చేదాకా వదలకండి, వచ్చాక జాగ్రత్త చేయండి. ఇన్‌సాల్వెన్సీ రిజిస్టర్ అనే ప్రభుత్వ జాబితాలోంచి మీ పేరు మూడు నెలల్లో తీసేస్తారు. క్రెడిట్ ఫైల్‌లో మాత్రం ఐవీఏ మొదలైన రోజు నుంచి ఆరేళ్లు ఉంటుంది. ఆ గడువు దాటాక ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే క్రెడిట్ సంస్థలు మూడింట్లోనూ రిపోర్టు తీసి చూడండి. పాత అప్పు ఏదైనా ఇంకా బాకీగానే కనిపిస్తే, ఆ సర్టిఫికెట్ కాపీ పంపి సరిచేయించుకోండి.