రాజ్యాంగం తప్పనిసరి పాఠమే, గ్రామసభే ఐచ్ఛికం

‘బడుల్లో రాజ్యాంగాన్ని, పౌరశాస్త్రాన్ని తప్పనిసరి చేస్తే పిల్లలు బాధ్యత గల పౌరులవుతారా?’ అన్నది ప్రశ్న. తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతుంటాను కాబట్టి చూసీ చూడనట్టు ఊరుకోలేకపోయాను.

తప్పనిసరి చేయడమేమిటండీ, ఎప్పుడో అయింది. ఆరో తరగతిలో గ్రామ పంచాయతీ పాఠం ఉంది, పదో తరగతిలో రాజ్యాంగ నిర్మాణం ఉంది. పుస్తకం తెరిస్తే మొదట్లోనే రాజ్యాంగ పీఠిక. నవంబరు 26 వచ్చిందంటే ఎండలో నిలబెట్టి ‘భారత దేశ ప్రజలమైన మేము’ అని అందరి చేతా ఒకేసారి చెప్పిస్తాం. వెనక వరసలో వాళ్ళు పెదవులు మాత్రమే కదుపుతారు. ఇంతకన్నా తప్పనిసరి ఇంకేం చేస్తారు?

పరీక్ష సంగతి చూడండి. రాజ్యాంగ రచనకు పట్టిన కాలం రెండేళ్ళ పదకొండు నెలల పదిహేడు రోజులా, పద్దెనిమిది రోజులా అన్నదాని మీద మా పదో తరగతి పిల్లలు కొట్టుకోని సంవత్సరం లేదు. అంబేడ్కర్ 1949 నవంబరు 25న మాట్లాడుతూ పదిహేడు అన్నారు, మర్నాడు ఆమోదించారు, కాబట్టి రెండూ సరే అని చెబితే వాళ్ళకు తృప్తి ఉండదు. ‘బిట్టులో ఏది పెట్టాలి సార్?’ అంటారు. అంత కాలం పాటు ఆ సభలో కూర్చున్నవాళ్ళు ఏ విషయం మీద వాదించుకున్నారో అడిగే బిట్టు మాత్రం నాకింతవరకు తగల్లేదు.

మా బడికి పంచాయతీ కార్యాలయం కూతవేటు దూరం. ఎనిమిదో తరగతి వాళ్ళకు స్థానిక పాలన గురించి చెప్పిన వారంలోనే గ్రామసభ ఉందని డప్పు చాటింపు వినబడింది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మా రాష్ట్రంలో రెండు నెలలకొకసారి ఈ సభ జరగాలి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను.

షామియానా కింద కుర్చీలున్నాయి, మనుషులు లేరు. వేదిక మీద మధ్య కుర్చీలో సర్పంచి గారి భర్త, పక్క కుర్చీలో సర్పంచి గారు. మహిళలకు సగం స్థానాలిచ్చిన చట్టం ఏ కుర్చీయో రాయడం మరిచిపోయినట్టుంది. ఓటర్ల సంఖ్యను బట్టి ఇంతమంది హాజరు కావాలని లెక్క ఉంటుంది కదా, కార్యదర్శి రిజిస్టరు ముందేసుకుని దానితోనే తంటాలు పడుతున్నాడు. మమ్మల్ని చూడగానే అతని ముఖం వెలిగింది.

“సార్, సమయానికి వచ్చారు. పిల్లల చేత వరసగా సంతకాలు పెట్టించండి, మొదలుపెట్టేద్దాం” అంటూ పెన్ను తీసి ముందున్న అమ్మాయి చేతికిచ్చాడు.

ఆ అమ్మాయి పెన్నుకు మూత పెట్టి తిరిగి ఇచ్చేసింది. “మేము గ్రామసభ సభ్యులం కాదు సార్. ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్ళే సభ్యులు.”

రాజ్యాంగం 243వ అధికరణలో ఉన్న మాటే అది. కార్యదర్శి నా వైపు చూశాడు. నేను షామియానా వైపు చూశాను.

“మా నాయనమ్మను పిలుచుకురానా సార్? ఆమెకు ఓటుంది” అని వెనకనుంచి ఒక పిల్లవాడు అడిగాడు. అంతే, నేను అవునన్నానో కాదన్నానో వినకుండానే సగం మంది ఇళ్ళకు పరుగెత్తారు. కాసేపటికి బీడీల చేటలు పక్కన పెట్టి ఆడవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళు వేలిముద్ర వేసి వెళ్ళిపోతే పోయేది, కూర్చున్నారు. కుళాయి నీళ్ళు మెరక వీధికి ఎందుకు ఎక్కడం లేదని ఒకామె అడిగింది. వీధి దీపాల కింద ఎంత ఖర్చు రాశారో చదవమని ఇంకొకామె పట్టుబట్టింది. పావుగంటలో చుట్టేద్దామనుకున్న సభ బడి వదిలిన గంట కొట్టాక కూడా నడిచింది. నీళ్ళ సంగతి ఆ రోజు తేలలేదు గానీ తీర్మానాల పుస్తకంలోకి ఎక్కింది.

నన్నడిగితే ఒక్క గ్రామసభ పదేళ్ళ పాఠాలకు సమానం. దీనికి సర్వేలూ నివేదికలూ నా దగ్గర లేవు, ఆ అమ్మాయి తిరిగి ఇచ్చిన పెన్ను ఉంది, అది చాలు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల ప్రదర్శన దగ్గర టికెట్టు లేదని నెహ్రూనే ఆపేసిన వాలంటీరు దుర్గాబాయికి అప్పుడు పద్నాలుగేళ్ళు. తర్వాత ఆమె రాజ్యాంగ సభలో కూర్చుంది. నిబంధన చదివినవాళ్ళు ఎందరైనా ఉంటారు, ఎదురుగా పెద్దమనిషి నిలబడి ఉండగా దాన్ని చెప్పగలగడమే అసలు చదువు. దానికి మార్కులు పెట్టండి, నేను ఒప్పుకుంటాను.

ఇక తప్పనిసరి అనేవాళ్ళను ఒకటి అడగాలి. పీరియడ్లు ఎక్కడివి? గణితం వెనకబడితే సోషల్ పీరియడే పోతుంది, పట్నాల్లో కొన్ని ప్రైవేటు బడుల్లో ఐఐటీ ఫౌండేషన్ పేరుతో అదీ మిగలదు. మా సంగతి మరీ విచిత్రం. ఎన్నికల పాఠం చెప్పాల్సిన రోజుల్లో మేము ఎన్నికల విధుల్లో ఉంటాం. ఓటు విలువ కంటే ఓటింగు యంత్రం సీలు గురించి ఎక్కువ తెలిసిన సోషల్ టీచర్లున్నారు, నవ్వకండి.

ఆ సభ జరిగిన మర్నాడు మా హెడ్మాస్టర్ గారికి ఫోను వచ్చింది, పిల్లలకు రాజకీయాలు నేర్పుతున్నారని. ఎవరు చేశారో ఊహించుకోండి. ఇకమీదట వెళ్ళాలంటే రాతపూర్వకంగా అనుమతి అడగమన్నారాయన. పాఠం పేరు, పేజీ సంఖ్య, 243ఎ అధికరణ అన్నీ వేసి దరఖాస్తు ఇచ్చాను. ఆయన దాని మీద ‘చూశాను’ అని రాసి సంతకం చేశారు. ఒప్పుకున్నట్టా కాదా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చాటింపు వినబడినప్పుడల్లా వెళ్తూనే ఉన్నాం.