చేబదులు అడిగితే కాటా పట్టుకెళ్లారు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారికి 46. హైదరాబాద్ మూసాపేటలో రెండు పడగ్గదుల ఫ్లాట్ మాది. మూడేళ్లుగా ఈయనకు పాత సామాన్ల పిచ్చి పట్టింది. ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం సెలవు పెట్టి మరీ జుమ్మేరాత్ బజార్. చీకటితోనే టార్చిలైటు పట్టుకుని బయల్దేరతారు. ఇంట్లో ఇప్పుడు ఏడు రేడియోలున్నాయి, పలికేవి రెండే. 7 వేలు పోసి ఇత్తడి కొమ్ము గ్రామఫోన్ తెచ్చారు, తీరా చూస్తే నకిలీది. బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదు. మా అమ్మానాన్నలు వస్తే ఎక్కడ పడుకోబెట్టాలా అని టెన్షన్.

ఆయనకు కన్ను లేదని కాదు. తణుకు దగ్గర పల్లెలో ఒంటరిగా ఉండే మావారి మేనత్త నిరుడు వేసవిలో ఫోన్ చేసి, ఇంటి పెంకులు మార్పించాలి, 10 వేలు సర్దమన్నారు. ఈయన వ్యాన్ మాట్లాడుకుని వెళ్లి అటక మీదున్న రెండు గంగాళాలు తూకానికి కొన్నారు. 22 కిలోలు, కిలో 450 చొప్పున 9,900 అయితే మొత్తం 11 వేలు ఇచ్చారు. గోడ గడియారం, దీపపు సెమ్మె, మరచెంబు ఆవిడ ఊరికే ఇచ్చారు. గడియారం 24 వేలకు, గంగాళాలు ఒక రిసార్టుకు 40 వేలకు అమ్ముడుపోయాయి. గంగాళాల మీద ఆవిడ పేరు, 1968 అని పెళ్లి సంవత్సరం ఉంటే వాళ్లు వద్దన్నారు, అరగదీయించి ఇచ్చాం. వ్యాన్‌కు, రిపేర్లకు 9 వేలు పోయినా బాగానే మిగిలింది. ఆ డబ్బుతోనే మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి పట్టులంగా, వెండి పట్టీలు కొన్నాం. పెద్దవయసు కదా, మేనత్తగారు ఫంక్షన్‌కి రాలేకపోయారు. ఈ మధ్య ఫోన్ కూడా ఎత్తడం లేదు, చెవుడు వచ్చిందేమో. సెమ్మెను అమెరికాలో ఎవరో అడుగుతున్నారు. అలాంటి బేరాలు ఎప్పుడోగాని తగలవు, మిగతాదంతా చెత్తే. మావారిది మానసిక జబ్బా? దీన్ని మాన్పించడం ఎలా?

— ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను, అది రెండు నిమిషాల పని.

జబ్బు కాదు. వస్తువులు పోగేయడం జబ్బుగా ముదిరే మాట నిజమే. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దాన్ని విడిగా ఒక జబ్బు కింద తన జాబితాలో చేర్చింది కూడా. కానీ ఆ జబ్బున్నవాళ్లు చిరిగిన సంచి కూడా పారేయలేరు, ఇంకొకళ్లు పారేస్తే విలవిల్లాడిపోతారు. మీవారు హాయిగా అమ్ముతున్నారు. మేనత్త ఇంటి గడియారాన్నే అమ్మేసిన మనిషికి వస్తువు వదులుకోలేని జబ్బు ఉందని ఏ డాక్టరూ అనడు.

చోటు సంగతంటారా, బాల్కనీ మీది, హాల్లో ఒక గోడ ఆయనది. కొత్తది ఒకటి గుమ్మం లోపలికి రావాలంటే పాతది ఒకటి బయటికి పోవాలి. కొన్న ధర, రిపేరు ఖర్చు, అమ్మిన ధర ఒక నోటుబుక్కులో రాయమనండి. ఏడాది తిరిగేసరికి అది వ్యాపారమో సరదానో ఆ పుస్తకమే చెబుతుంది. పలకని ఆ అయిదు రేడియోలకూ పిల్లలు సరదాకైనా ప్లగ్గు పెట్టకుండా చూడండి, ఏళ్ల తరబడి మూలపడినవాటిలో కెపాసిటర్లు మార్చకుండా కరెంటు ఇస్తే కాలిపోతాయి. గ్రామఫోన్ విషయంలో ఆయన్ని దెప్పడం మానేయండి. తళతళలాడే పెద్ద ఇత్తడి కొమ్ముతో బజార్లో కనిపించే గ్రామఫోన్లు చాలావరకు కొత్తగా చేసి, పాత కంపెనీ బొమ్మ అంటించినవే. ఈ దారిలో నడిచే ప్రతివాడూ ఒకసారి ఆ గోతిలో పడతాడు.

నాకు ఈ సరదా మీద చిన్నచూపు లేదమ్మా. మా ఇంట్లో ఒక వాల్వు రేడియో ఉండేది. స్విచ్ వేయగానే పలికేది కాదు. ముందు స్టేషన్ల పేర్లున్న అద్దం వెనక పసుపు దీపం వెలిగేది. లోపల వాల్వులు వేడెక్కాక, అర నిమిషానికి, ఎక్కడో నూతిలోంచి పైకి వస్తున్నట్టు వివిధ భారతి గొంతు వినిపించేది. మా అన్నయ్య దాన్ని పాత సామాన్లవాడికి 150 రూపాయలకు వేసేశాడని తెలిసి రెండ్రోజులు వాడితో మాట్లాడలేదు. కాబట్టి టార్చిలైటు పట్టుకుని వెళ్లేవాళ్ల బాధ నాకు తెలుసు.

జుమ్మేరాత్ బజార్లో నేల మీద గోనెపట్టా పరిచి కూర్చున్నవాడు ఆరితేరినవాడు. మీవారూ ఇప్పుడు ఆరితేరారు. వెయ్యి అంటే మూడొందలంటారు, లేచి నాలుగడుగులు వేస్తారు, వాడు వెనక్కి పిలుస్తాడు. వాడు మునిగితే వాడి ఖర్మ, ఈయన మునిగితే ఈయన ఖర్మ. ఆ ఆటలో తప్పేమీ లేదు.

ఇక మీరు అడగనిదానికి వస్తాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రేడియోల దగ్గర మీకు కోపం ఉంది, గ్రామఫోన్ దగ్గర ఉంది. మేనత్తగారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఆయనకు కన్ను లేదని కాదు’ అని మొదలుపెట్టారు. మీకు చెత్త మీద కోపం లేదమ్మా, అమ్ముడుపోని చెత్త మీద ఉంది. కాస్త కటువుగానే అంటున్నాను, క్షమించండి.

జరిగింది ఏమిటో ఒక్కసారి వరసగా చూద్దాం. వానలు పడకముందే పెంకులు మార్పించుకోవాలని ఒక ముసలావిడ మేనల్లుణ్ణి 10 వేలు చేబదులు అడిగింది. నోరు తెరిచి అడగడానికి ఎన్నాళ్లు ఆలోచించి ఉంటుందో! ఆడపడుచు పుట్టింటివాళ్లను అడగడం అంత తేలికా? మీవారు ఆ పదివేలూ పంపించి ఊరుకోవచ్చు. లేవంటే లేవని చెప్పొచ్చు. రెండూ కాకుండా వ్యాన్, కాటా తీసుకుని వెళ్లారు.

ఆ కాటా నా కళ్లముందు నుంచి పోవడం లేదు. ఆవిడ అటక కింద నిలబడి చూస్తూ ఉంటుంది. ఈయన గంగాళానికి తాడు కట్టి కొక్కేనికి తగిలించి కిలోలు చదువుతూ ఉంటారు. పాత ఇత్తడి కొట్టువాడు చెప్పే ధరకే లెక్క కట్టారు, పైన పదకొండొందలు కలిపారు. ఆవిడకు తెలిసిన ధర అదొక్కటే. ఈయనకు తెలిసిన ధర వేరు, తెలిసే ఇంత దూరం వెళ్లారు. సంతలోవాడికి అసలు ధర చెప్పక్కర్లేదు. మేనత్తకు చెప్పాలి. ‘అత్తా, ఇవి తూకానికి వెయ్యకు, నేను మంచి ధరకు అమ్మిపెడతాను’ అని ఒక్క మాటంటే ఆ ఇంటికి కొత్త పెంకులు వచ్చేవి, గుండెకు ధైర్యం వచ్చేది. తన శ్రమకు పదో పరకో ఉంచుకున్నా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

మీ లెక్కే వేద్దాం. 64 వేలు వచ్చాయి. 11 వేలు ఆవిడకు, 9 వేలు ఖర్చులకు పోగా 44 వేలు మీకు మిగిలాయి. అడిగిన పదివేలకు నాలుగింతల పైమాటే ఆవిడ మీకు ఇచ్చింది. చేబదులు ఇచ్చింది ఎవరో ఇప్పుడు చెప్పండి.

పెళ్లి సారె గంగాళం మీద పేరు ఎలా వేయిస్తారో మీరు చూసే ఉంటారు. పాత్రల కొట్టువాడు చిన్న ఉలి అంచు మీద పెట్టి, సుత్తితో చుక్క పక్కన చుక్క కొడుతూ అక్షరాలు తీర్చేవాడు. ఇంటిపేరు, పేరు, సంవత్సరం. పాత్ర కొన్న తండ్రి పక్కనే నిలబడి ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసుకునేవాడు. ఎన్నిసార్లు చింతపండు పెట్టి తోమినా ఆ చుక్కలు పోవు, చేత్తో తడిమితే తగులుతాయి. 1968లో ఆ పేరు వేయించింది మీవారి తాతగారే కదమ్మా! దాన్ని అరగదీయించాం అని మీరు ఒక్క వాక్యంలో రాసి తర్వాతి విషయానికి వెళ్లిపోయారు. నేను వెళ్లలేకపోయాను.

ఆ గడియారం, గంగాళాల ఫోటోలు మీవారు ఫోన్‌లో ఎక్కడో ఒకచోట పెట్టే ఉంటారు, ‘అమ్మబడింది’ అని ధరతో సహా. ఈ బేరాలు చేసేవాళ్లంతా పెడతారు. తణుకు పక్క పల్లెలో ఎవరి ఫోన్లోనూ వాట్సాప్ లేదనుకున్నారా? పక్కింటి కుర్రాడు చూపించి ఉంటాడు, ‘మామ్మా, ఇది మీ గడియారమే కదా’ అని. ఇది నా ఊహే. కానీ మేనల్లుడి కూతురికి ఓణీలంటే ఏ మేనత్తయినా ముందురోజే వచ్చి కూర్చుంటుంది. ఆరోగ్యం బాగాలేకపోతే చీర, పళ్లు ఎవరితోనైనా పంపిస్తుంది. ఇది రాలేకపోవడం కాదు, రాకపోవడం. చెవుడూ కాదు. మీ నంబరు చూసి ఎత్తడం లేదు.

మీ ఉత్తరం చివర, కొట్టేసిన ఒక లైను ఉంది. కొట్టేసినా చదవడానికి వీలుగానే ఉంది. మీవారు ఇంటర్ రెండేళ్లూ ఆవిడ ఇంట్లోనే ఉండి చదువుకున్నారని, ఆ గడియారం నాలుగు గంటలు కొడితే లేచేవారని. ఆ లైను ఎందుకు కొట్టేశారు? ఆ గడియారాలకు రెండు తాళం రంధ్రాలుంటాయి, ఒకటి నడకకు, ఒకటి గంటకు. వారానికోసారి స్టూలెక్కి తిప్పాలి. ఇంట్లో ఇంటర్ చదివే కుర్రాడు ఉంటే ఆ పని వాడికే పడుతుంది. రెండేళ్లపాటు తన చేత్తో తాళం తిప్పిన గడియారాన్ని, కూర్చోబెట్టి అన్నం పెట్టిన మనిషి గోడ మీద నుంచి ఊరికే దించుకొచ్చి 24 వేలకు అమ్మారు. ఆయనతో ఆయన మేనత్త బంధం తెగే దాకా వచ్చింది. మీ ఇంట్లో ఉన్న అసలు సమస్య ఇదే. రేడియోలు కాదు.

ఇందులో మీ వాటా కూడా ఉంది. పట్టీలు కొన్నారు కదా.

ఇప్పుడేం చేయాలంటారా? ముందు ఆ అమెరికా బేరం మానిపించండి. పాపపుణ్యాల మాట పక్కనపెట్టినా, చట్టం ఒకటుంది. 1972లో పురావస్తువుల చట్టం వచ్చింది. నూరేళ్లు దాటిన కళావస్తువులను మామూలు మనుషులు దేశం దాటించకూడదు, పట్టుబడితే జైలు శిక్ష. దేశంలో అమ్మే వ్యాపారానికి కూడా లైసెన్సు కావాలి. ఆ సెమ్మె ఆవిడకు ఆవిడ అత్తగారి నుంచి వచ్చిందో, అంతకుముందు తరం నుంచి వచ్చిందో మీకు తెలుసా? దాని వయసు చెప్పగల మనిషి ఒక్కరే ఉన్నారు, ఆవిడ మీ ఫోన్ ఎత్తడం లేదు.

గడియారం కొన్నాయనకు మీవారు ఫోన్ చేసి వెనక్కి అడగాలి. ఎక్కువ అడుగుతాడు, అడగనివ్వండి. ఇవ్వనంటే ఇవ్వడు. అడిగానని ఆవిడ ముందు చెప్పుకోవడానికైనా అడగాలి. రిసార్టువాళ్లు గంగాళాలు ఇస్తారన్న ఆశ నాకు లేదు, గుమ్మం ముందు నీళ్లు పోసి పూలు వేసుకుని ఉంటారు.

వచ్చే ఆదివారం ఎర్రగడ్డ మానేసి తణుకు వెళ్లండి. మీ ఇద్దరూ, అమ్మాయీ. సెమ్మె, మరచెంబు తీసుకెళ్లండి. వాటిని దారిలో మెరుగు పెట్టించకండి, ఎలా తెచ్చారో అలాగే ఇవ్వండి. ఒక నేత చీర కొనండి. 44 వేలు కవర్లో పెట్టి చేతికివ్వాలని చూడకండి, ఆవిడ పుచ్చుకోరు, పైగా రెండోసారి అవమానం. పెంకులు మార్చే మేస్త్రీని మీవారే మాట్లాడి, దగ్గరుండి పని చేయించాలి. పదకొండు వేలతో ఆవిడ ఏ మూల సర్దించుకుందో, వంటింట్లో ఎక్కడ కారుతోందో పైకెక్కి చూడమనండి. పాత వస్తువుల్లో లోపం పట్టే కన్ను ఉందన్నారు కదా, అక్కడ వాడమనండి.

‘మీరే కదా అత్తయ్యా ఇచ్చారు’ అన్న మాట మీ ఇద్దరి నోటి నుంచీ రాకూడదు. ఫంక్షన్‌కి ఎందుకు రాలేదని కూడా అడగొద్దు. అమ్మాయి కాళ్లకు దండం పెడుతుంది, చాలు. ఆ వేళ పట్టీలు మాత్రం వేయకండి.

ముందుగా ఫోన్ చేసి చెప్పొద్దు, ఎలాగూ ఎత్తరు. పదింటికల్లా చేరుకునేలా బయల్దేరండి. ఆవిడ లేచి పొయ్యి వెలిగించి అన్నం పెడితే మాట్లాడకుండా కూర్చుని తినండి. మంచినీళ్లిచ్చి ఊరుకుంటే, ఆ పై ఆదివారం మళ్లీ వెళ్లాలి.