పాత ట్రైలర్ మీద ఫైబర్‌గ్లాస్ పడవ: బరువు ఎక్కడ ఆనాలి?

ప్రశ్న: ఇంతకుముందు ఒక అల్యూమినియం పడవను మోసిన పాత ట్రైలర్‌ను కొన్నాను. అడుగు 'వి' ఆకారంలో ఉన్న, సుమారు 5 మీటర్ల నా ఫైబర్‌గ్లాస్ పడవను దాని మీదికి ఎక్కిస్తే, బంక్ పలకలు (పడవ అడుగు ఆనే పొడవైన చెక్క పలకలు) రెండేసి చోట్ల మాత్రమే తగులుతున్నాయి. పడవ వెనుక భాగం పలకల చివర దాటి దాదాపు 30 సెంటీమీటర్లు గాలిలో ఉంటోంది. ముందుకు జరిపితే బండికి తగిలించే కొన మరీ బరువెక్కుతోంది. ఏం చేయాలి?

జవాబు: మీ ట్రైలర్ ఇంకా ఆ పాత పడవ కొలతలకే బిగించి ఉంది; మీ ఇబ్బందులన్నీ అక్కడినుంచే వస్తున్నాయి. నీటిలో ఉన్నప్పుడు పడవ బరువును నీరు అడుగుభాగమంతటా పంచుకుని మోస్తుంది, ట్రైలర్ మీద అదే బరువు కొన్ని చోట్లకు చేరుతుంది. ఆ చోట్లు గట్టివై ఉండాలి. ఫైబర్‌గ్లాస్ పడవలో గట్టివి మూడు: నడిమధ్య సాగే కీల్, లోపల పొడవునా దూలాల్లా ఉండే స్ట్రింగర్లు, వెనుక గోడ అయిన ట్రాన్సమ్. వీటి నడుమ ఉన్న పొర పలచన. అక్కడ పలక అంచు గాని రోలర్ గాని నెలల తరబడి నొక్కితే జెల్‌కోట్‌లో (పడవ బయటి నున్నని పైపూతలో) సన్నని బీటలు రావచ్చు, అడుగు లోపలికి వంగనూ వచ్చు.

అన్నిటికంటే ముందు ట్రాన్సమ్ సంగతి చూడండి. ఇంజను బరువంతా దాని మీదే ఉంటుంది కనుక, కింద ఆధారం లేకపోతే వెనుక భాగం మెల్లగా కిందికి వాలి, పలకల చివర ఆనే చోట అడుగు వంపు తిరుగుతుంది. దీన్నే హుక్ అంటారు. హుక్ పడిన పడవ వేగంలో ముక్కును కిందికి దించుకుని నడుస్తుంది, వేగమూ తగ్గుతుంది. తిన్నని బద్దను చివరి మీటరున్నర మేర అడుగుకు ఆనించి, మధ్యలో సందు కనబడుతుందేమో ఇప్పుడే చూసుకోండి.

విన్చ్ (పడవను ట్రైలర్ మీదికి లాగే చక్రం) ఉన్న స్తంభాన్ని ముందుకు జరిపి, ట్రాన్సమ్ సరిగ్గా పలకల చివరకు వచ్చేలా పడవను నిలపండి. స్తంభానికి చోటు చాలకపోతే మరింత పొడవైన పలకలు వేయించండి. పలకలు స్ట్రింగర్ల కిందికి రావాలి, అడుగున పొడవునా ఉండే గట్ల మీదికి ఎక్కకూడదు. వాటి బ్రాకెట్ల బోల్టులను వదులుగా ఉంచి పడవను దించితే, పలకలు అడుగు వాలును తామే పట్టుకుంటాయి, అప్పుడు బిగించండి. పలకకూ అడుగుకూ మధ్య కాగితం ఎక్కడైనా సులువుగా దూరితే, అక్కడ పలక బరువు మోయడం లేదన్నమాట. కీల్ రోలర్లను చివరగా, కీల్‌కు తగిలేంత ఎత్తుకు తేండి. పలకలను బిగించే బోల్టు తలలు చెక్కలోకి లోతుగా దిగి ఉండాలి. పైన తివాచీ గుడ్డ ఉన్నా, పైకి వచ్చిన తల జెల్‌కోట్‌ను గీరకుండా వదలదు.

పడవ చోటు ఖాయమయ్యాకే సమతూకం చూడాలి. చాలామంది కొన బరువు తగ్గించడానికి పడవనే వెనక్కి లాగుతారు. అలా చేస్తే ట్రాన్సమ్ మళ్లీ గాలిలోకి వస్తుంది. జరపవలసింది ఇరుసును. ఇరుసును ముందుకు జరిపితే కొన బరువు తగ్గుతుంది, వెనక్కి జరిపితే పెరుగుతుంది. పడవ ట్రైలర్లకు మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం కొన మీద ఉండటం వాడుక. అంటే పడవ, ఇంజను, ఇంధనం, సామాను, ట్రైలర్ అన్నీ కలిపి 1000 కిలోలైతే 50 నుంచి 100 కిలోలు. ఇరుసు రెండు చివరలూ బండికి తగిలించే కొన నుంచి సమదూరంలో ఉన్నాయో లేదో టేపుతో కొలవండి, లేకపోతే ట్రైలర్ ఓరగా నడుస్తుంది, టైర్లు ఒకవైపు అరుగుతాయి.

విన్చ్ పట్టీ లాగడానికే గాని రోడ్డు మీద పడవను పట్టి ఉంచడానికి కాదు. పడవ ముక్కున ఉన్న కొక్కేనికి విడిగా ఒక గొలుసు, ట్రాన్సమ్‌కు రెండు పట్టీలు వేయండి. మొదటి ప్రయాణంలో కొద్ది కిలోమీటర్లు వెళ్లాక ఆగి, పలకల బోల్టులను మరొకసారి బిగించండి.