గోపాలపూర్ గాలిలో వంటిల్లు కట్టుకుంటున్న అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు పంపిన వంటింటి ఫొటోలు మూడుసార్లు చూశాను. గోడలకి పలకలు ఇంకా అతికించలేదు, సిమెంటు పచ్చిగానే ఉంది. నాకు చాలా సంతోషం వేసింది. నేను చెప్పబోయే మాటల్లో సగం, గోడకి కన్నం పెట్టే వీలున్నప్పుడే పనికొస్తాయి. ఏ స్టవ్వు కొనాలి, ఏ చిమ్నీ కొనాలి అని అడిగావు. ఆ రెండూ తర్వాత. పొగ ఏ దారిన బయటికి పోతుందో, దాని బదులు గాలి ఏ దారిన లోపలికొస్తుందో ముందు తేల్చుకో.

పర్లాకిమిడి ఇంట్లో మీ అమ్మమ్మ కట్టెల పొయ్యికి సరిగ్గా నెత్తిమీద, పెంకుల మధ్య పొగగూడు ఉండేది. తాలింపులో మిరపకాయలు మాడినా ముందుగదిలో ఎవరూ దగ్గేవారు కాదు. ఆ ఇల్లు కట్టినవాళ్ళు పొయ్యినీ పొగగూడునీ కలిపే ఆలోచించారు. మనం ఇప్పుడు గోడలన్నీ మూసేసి, రంగులు వేసేసి, ఆఖర్న చిమ్నీ కొని ఎక్కడ తగిలించాలా అని వెతుక్కుంటున్నాం.

నేనూ అదే పని చేశాను. బరంపురం ఇల్లు బాగుచేయించినప్పుడు షాపులో మెరిసిపోతున్న చిమ్నీ చూసి తెచ్చేసుకున్నాను. దాని వెనక గొట్టం ఆరంగుళాలు. గోడకి ఉన్న కన్నం నాలుగంగుళాలు. బిగించడానికొచ్చిన అబ్బాయి మధ్యలో ఒక సన్నని ముక్క తగిలించి, మూడు వంపులు తిప్పి, "అయిపోయిందమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆరుని నాలుగు చేస్తే పోయింది రెండంగుళాలేగా అనుకున్నాను. లెక్క అది కాదు. గొట్టంలోపలి చోటు సగానికన్నా తగ్గిపోతుంది. మోటారు రొద చేసేది, పొగ మాత్రం నా మొహానికే కొట్టేది. వానాకాలం వచ్చేసరికి గొట్టంలో చల్లబడిన ఆవిరి, నూనె కలిసి గోధుమరంగు చుక్కలుగా జారి, పప్పు గిన్నె పక్కన పడడం మొదలైంది. ఆ రోజు నేను గరిట పక్కన పెట్టేసి నిలబడిపోయాను. రెండేళ్ళ తర్వాత పలకలు పగలగొట్టించి కన్నం పెద్దది చేయించాను. ఆ ఖర్చు నీకు రాకూడదనే ఇంత చెబుతున్నాను.

ఇక మీ ఇంటి సంగతి. మీ అత్తగారు పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలంటున్నారని రాశావు. ఉండనీ, ఆవిడ మాట కాదనకు. కాకపోతే గోపాలపూర్‌లో సముద్రం ఉన్నది కూడా ఆ దిక్కుకే. మధ్యాహ్నం వీచే గాలంతా ఆ మూలకే కొడుతుంది. నీ మొహం తూర్పుకుంటుందని పొయ్యికి ఎదురుగా కిటికీ పెట్టించావంటే, ఆ గాలి నేరుగా మంట మీద పడుతుంది. సన్నమంట మీద పాలు పెట్టి నువ్వు పక్కకెళ్తావు, మంట ఆరిపోతుంది, గ్యాసు వస్తూనే ఉంటుంది. అందుకే పొయ్యి వెనక గోడని మూసే ఉంచి, కిటికీని దక్షిణం గోడలో పొయ్యికి నాలుగడుగుల దూరానికి జరపమను. మంట ఆరిపోతే గ్యాసు దానంతటదే ఆగిపోయే ఏర్పాటున్న స్టవ్వులు ఇప్పుడు దొరుకుతున్నాయి. మిగతాచోట్ల అది ఉంటే మంచిది, మీ ఇంట్లో మాత్రం తప్పకుండా ఉండాలి.

గొట్టం ఆరంగుళాలకి తగ్గకూడదు, ఒక్క వంపుకి మించకూడదు. ముడతలు పడే అల్యూమినియం గొట్టం బదులు నున్నటి గట్టి గొట్టం వేయించు, ముడతల్లోనే నూనె పేరుకునేది. బయటికెళ్ళే కొస కొంచెం కిందికి వాలి ఉండాలి, లేకపోతే వాననీళ్ళు ఇంట్లోకే పారతాయి. బయట మూతికి కిందికి వంగిన టోపీ, లోపల గాలి వెనక్కి రాకుండా మూసుకునే రెప్ప తప్పనిసరి. ఆ రెప్ప లేకపోతే చిమ్నీ ఆపగానే సముద్రపు గాలి గొట్టంలోంచి వంటింట్లోకి దూరుతుంది, పిచ్చుకలు గూడు కూడా పెడతాయి. గొట్టం అక్కర్లేదు, బొగ్గు ఫిల్టరుతో లోపలే శుభ్రం చేస్తుందని ఒక రకం చూపిస్తారు. వద్దు. అది వాసన కొంత తగ్గిస్తుంది, వేడినీ ఆవిరినీ మళ్ళీ నీ మీదికే వదులుతుంది. బొగ్గు కూడా కొన్ని నెలలకోసారి కొత్తది వేయాలి.

ఎంత లాగే చిమ్నీ కావాలో నువ్వే లెక్కకట్టొచ్చు. నీ వంటిల్లు పదడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, పది ఎత్తు. అంటే 800 ఘనపుటడుగులు, సుమారు 23 ఘనపు మీటర్లు. అందులో గాలి గంటకి 10 నుంచి 15 సార్లు మారాలనుకుంటే గంటకి 230 నుంచి 345 ఘనపు మీటర్లు లాగితే చాలు. గొట్టంలో, వంపులో సగం పోయినా గంటకి 1000 లాగేది నీకు బోలెడు. 1500 అని రాసిన డబ్బాకి అదనంగా డబ్బు పోయకు. ఆ అంకె గొట్టం తగిలించకుండా కొలిచింది. వెడల్పు మాత్రం స్టవ్వుకన్నా తక్కువ కాకూడదు. రెండు బర్నర్లకి 60 సెంటీమీటర్లది సరిపోతుంది, మూడు పెట్టుకుంటే 90ది. ఎత్తు స్టవ్వు పైనుంచి కొలవాలి, గట్టు మీదనుంచి కాదు. 26 నుంచి 30 అంగుళాలు. అల్లుడుగారు పొడగరి కదా, ఆయన్ని ఒకసారి అక్కడ నిలబెట్టి చూడు.

మనం చేసే పోపులకి జాలీ ఫిల్టరు వారంలోనే జిడ్డుతో మూసుకుపోతుంది. వంపు రేకులున్న స్టీలు ఫిల్టరు, బాఫిల్ అంటారు, అది తీసుకుని, పదిహేను రోజులకోసారి వేడినీళ్ళలో సబ్బేసి నానబెట్టు. దానంతటదే శుభ్రపడేదంటారే, అది నూనెని కరిగించి చిన్న గిన్నెలోకి దించుతుంది అంతే. ఆ గిన్నె పారబోసేది నువ్వే. చిమ్నీ వేసినప్పుడు ఎక్కడో ఒకచోట కిటికీ బెత్తెడైనా తెరువు. తలుపులన్నీ బిగించేస్తే అది లాగడానికి గాలే ఉండదు. చేతిలో డబ్బు తక్కువైతే మొహమాటపడకు, పొయ్యి ఉన్న మూలలో పైకప్పు దగ్గరగా 12 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించు. నాలుగంగుళాల గొట్టం తగిలించిన ఖరీదైన చిమ్నీకన్నా అది ఎంతో నయం.

స్టవ్వుకి వెళ్ళేటప్పుడు నీ గిన్నెలు సంచీలో వేసుకెళ్ళు. ఐదు లీటర్ల కుక్కరు, దోసెల పెనం, పాలగిన్నె. షాపువాడు ఏమనుకున్నా సరే, మూడూ ఒకేసారి పొయ్యి మీద పెట్టి చూడు. నాలుగు బర్నర్లని చెప్పి అమ్ముతారు, పెనం పెట్టగానే రెండు మూసుకుపోతాయి. పాలగిన్నె పెట్టి కదిపి చూడు, ఒరిగితే ఆ కాళ్ళు పనికిరావు. తర్వాత స్టవ్వుని బోర్లా తిప్పమను. పైన అద్దం మెరుస్తుంది, కింద మామూలు ఇనుప రేకుకి రంగేసి ఉంటుంది. మీ ఉప్పుగాలికి ఆ రేకు ముందు తుప్పు పట్టేది అంచుల దగ్గరే. అడుగు దాకా స్టీలున్నది తీసుకో. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలేనని అంటారు, నమ్మకు, నాసిరకాల్లోనూ అంటుకోనివి ఉన్నాయి. 304 రకమని బిల్లు మీద రాయించుకో. బర్నర్లు ఇత్తడివి, చేతికి బరువు తగలాలి. ఐఎస్ఐ ముద్ర చూడు. ఆ ప్రమాణం ప్రకారం మంట వేడిలో కనీసం 68 శాతం గిన్నెకి అందాలి. మంట నీలంగా ఉండాలి, పచ్చబడి గిన్నె అడుగున మసి పడుతోందంటే గాలి సరిగా కలవడం లేదన్నమాట.

గ్రానైటు కోసి అందులో దింపే హాబ్ అందంగానే ఉంటుంది. నేను మాత్రం వద్దంటాను. పాడైతే అదే కొలతది దొరకాలి, లేకపోతే రాయి మళ్ళీ కోయాలి. పైగా హాబ్‌లలో కొన్ని కరెంటుతో వెలిగేవి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మీ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు మా ఇంట్లో అన్నం వండింది అగ్గిపుల్లతో వెలిగే పాత రెండు బర్నర్ల స్టవ్వే. అందుకే కరెంటు లేకపోయినా అగ్గిపుల్లకి వెలుగుతుందా అని షాపులోనే అడిగి, వెలిగించి చూపించమను.

ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పు. గ్యాసు వాసనొస్తే చిమ్నీ వేసి బయటికి పంపేద్దామనిపిస్తుంది. వేయొద్దు. స్విచ్చు దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. ఏ స్విచ్చూ ముట్టుకోకుండా రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కి ఫోన్ చేయాలి. ఆ గ్యాసు గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. అందుకే గ్యాసు బండ పెట్టే అరకి నేల దగ్గర కన్నాలు పెట్టించు, పైన పెడితే ఉపయోగం లేదు. నారింజరంగు ట్యూబు మీద తేదీ ఉంటుంది, ఐదేళ్ళకి మార్చేయాలి.

పలకల మేస్త్రీ వచ్చే ముందురోజు ఫోన్ చెయ్యి. పొద్దున్న బస్సుకే వస్తాను, టేపూ సుద్దముక్కా తెస్తాను. కన్నం ఎక్కడ పడాలో మీ అత్తగారినీ పక్కన నిలబెట్టుకుని గుర్తు పెడదాం.

మీ పెద్దమ్మ
బరంపురం